ఫ్రేమ్ బయట వైజాగ్: ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఒక్క రోజులో

వైజాగ్ అనగానే మనందరికీ గుర్తొచ్చే బొమ్మ దాదాపు ఒకటే. కుడిపక్క సముద్రం, ఎడమపక్క కొండ, మధ్యలో మెలికలు తిరిగే రోడ్డు. ఆ రోడ్డు మీద బైక్, బైక్ మీద హీరో, వెనక హీరోయిన్ చున్నీ గాల్లో ఎగురుతుంటుంది. పాట అయిపోగానే ఊరు కూడా అయిపోతుంది. ఆ ఊళ్లో ఇంకేముందో సినిమాకి అక్కర్లేదు.

నేనుండేది షేక్‌పేటలో. పని పక్కనే ఫిల్మ్‌నగర్‌లో, ఓ చిన్న ఎడిటింగ్ రూమ్‌లో. వైజాగ్ షెడ్యూల్ ఫుటేజ్ వచ్చిందంటే నాకు భలే ఇష్టం. ఎందుకంటే డైరెక్టర్ ‘కట్’ అన్నాక కూడా కెమెరా రెండు మూడు సెకన్లు ఊరికే తిరుగుతూ ఉంటుంది. అసలు ఊరు కనబడేది అప్పుడే. వల బాగుచేసుకుంటున్న ముసలాయన, ఇసుకలో బోర్లించిన పడవ, దూరంగా ఎర్రగా ఓ దిబ్బ, కొండ మీద ఏవో పాత ఇటుకలు. వాటన్నిటినీ మేం తీసేస్తాం. సీన్‌కి పనికిరావు కదా మరి.

ఈసారి ఆ తీసేసిన ముక్కల్ని చూడ్డానికే వెళ్దామనుకున్నా. తోడుగా మా రూమ్మేట్. వాడిది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. పాతికేళ్లొచ్చినా ఇప్పటిదాకా సముద్రం చూడలేదు. ఈత కూడా రాదు. విషయం చెబితే, “వైజాగ్‌ల ఏముందిరా, బీచే గదా. పోతే గోవా పోదాం” అన్నాడు. చివరికి గోవాకి డబ్బుల్లేక ఒప్పుకున్నాడు.

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి రోడ్డు మీద 600 కిలోమీటర్లు పైనే. రాత్రంతా పడుకుని పొద్దున్నే దిగాలంటే 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. పగలు కిటికీలోంచి గోదారి చూసుకుంటూ పోవాలనుకుంటే పొద్దున్నే బయల్దేరే వందే భారత్ ఉంది. మేం గోదావరి ఎక్కాం.

ఇక్కడో మాట ముందే చెప్పేస్తా. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఉన్న బీచ్ రోడ్డు దాదాపు 25 కిలోమీటర్లు. మనం దాన్ని ఓ లాంగ్ డ్రైవ్ అనుకుంటాం. నిజానికి అది కాలంలో వెనక్కి పోయే రోడ్డు. ఒక చివర 2017 దాకా గాల్లో ఎగిరిన విమానం ఉంటుంది. ఇంకో చివర చివరి మంచుయుగం నాటి ఇసుక ఉంటుంది. ఆ మధ్యలో యుద్ధం, సినిమా, బౌద్ధం అన్నీ తగుల్తాయి. ఒక్కో స్టాప్ దగ్గర దిగుతూ పోతే ఒక్క రోజులో వేల ఏళ్లు చుట్టి రావచ్చు.

ఎలా వెళ్లాలంటారా? రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కే సిటీ బస్సు ఉంది. 2025 ఆగస్టు నుంచి ఆర్కే బీచ్, తొట్లకొండ మధ్య ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. ఒకచోట దిగి, చూసుకుని, తర్వాతి బస్సు ఎక్కేయొచ్చు. స్కూటీ అద్దెకు తీసుకుంటే ఇంకా హాయి. హెల్మెట్ మాత్రం ఇద్దరికీ ఉండాలి. పాటలో హీరోకి అక్కర్లేదు, మనకి కావాలి.

ఒడ్డెక్కిన జలాంతర్గామి

ఆర్కే బీచ్‌లో అందరూ ముందు వెళ్లేది కురుసుర దగ్గరికే. ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైన సబ్‌మెరైన్. 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001 ఫిబ్రవరిలో రిటైరయింది. ఆ తర్వాత దాన్ని సముద్రంలోంచి ఇసుక మీదికి లాగి 2002లో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే చాలా పెద్దది. లోపలికెళ్తే మాత్రం మన షేక్‌పేట బ్యాచిలర్ రూములు ప్యాలెస్‌ల్లా అనిపిస్తాయి. అందులో దాదాపు 75 మంది ఉండేవాళ్లు. టార్పెడోల పక్కనే పడకలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కన్నంలోంచి కాలు ముందు పెట్టి దూరాలి.

లోపల గైడ్లుగా ఉండేది రిటైరైన నేవీ వాళ్లే. సెల్ఫీల తొందరలో చాలామంది వాళ్ల మాట వినకుండానే బయటికొచ్చేస్తారు. మీరు అలా చేయకండి. స్నానానికి నీళ్లు ఎంత పొదుపుగా వాడేవాళ్లో, రోజుల తరబడి ఎండ చూడకుండా ఎలా గడిపేవాళ్లో అడగండి. ఏ యూట్యూబ్ వీడియోలోనూ దొరకని సంగతులు చెబుతారు.

రోడ్డుకి అటువైపు టీయూ-142 విమానం ఉంది. సముద్రం మీద నిఘా పెట్టి, శత్రువుల సబ్‌మెరైన్లని వెతకడం దాని పని. 29 ఏళ్లు పనిచేసి 2017 మార్చిలో రిటైరయింది. అదే ఏడాది డిసెంబరులో ఇక్కడ మ్యూజియంగా తెరిచారు. అంటే వెతికేది ఒకవైపు, దాక్కునేది ఇంకోవైపు. మధ్యలో రోడ్డు మీద ఐస్‌క్రీమ్ బండి.

ఇక్కడే ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం కూడా ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. మన నేవీ లెక్కలో ఆ పని చేసింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్. పాకిస్తాన్ మాత్రం అది లోపల జరిగిన ప్రమాదమంటుంది. ఏదైనా అందులో ఉన్న 90 మందికి పైగా చనిపోయారు. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా మీరు చూసే ఉంటారు. సంకల్ప్ రెడ్డి డైరెక్షన్, రానా హీరో. సినిమాలో పోరాటం సెట్‌లో జరిగింది. ఆ సబ్‌మెరైన్ శకలాలు మాత్రం మీరు మురీ మిక్చర్ తింటూ చూస్తున్న ఈ నీళ్ల అడుగునే ఉన్నాయి. ఈ సంగతి చెప్పాక మా వాడు కాసేపు సముద్రం వైపే చూస్తూ ఉండిపోయాడు.

అన్నట్టు, మురీ మిక్చర్ తినకుండా ఆర్కే బీచ్ దాటకండి. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, పైన కాస్త వేరుశనగపప్పు. హైదరాబాద్‌లో కూడా దొరుకుతుంది గానీ, ఉప్పుగాలి తగిలే చోట తింటే ఆ రుచే వేరు.

ఈ సముద్రం చూసేది, దూకేది కాదు

మా వాడు చెప్పులు విప్పేసి ప్యాంటు పైకి మడిచాడు. మోకాళ్ల దాకా దిగుదామని ఉబలాటం. అక్కడే పడవ నీడలో కూర్చున్న ఓ పెద్దాయన మమ్మల్ని చూసి, “ఏటి బాబూ, ఈతొచ్చా?” అన్నాడు. రాదన్నాడు వీడు. “మరెందుకెల్తావు? అదుగో, అక్కడ కెరటం లేదు, నున్నగుంది చూడు. ఊరోళ్లందరూ అక్కడే దిగుతారు. అక్కడే పోతారు” అన్నాడు, బీడీ ముట్టించుకుంటూ.

ఆ ఒక్క ముక్కలో రిప్ కరెంట్ పాఠం మొత్తం ఉంది. అలలు ఒడ్డుకి తోసిన నీళ్లు ఎలాగోలా వెనక్కి పోవాలి కదా. నీటి అడుగున ఇసుక మేటల మధ్య ఎక్కడైనా సందు దొరికితే, నీళ్లన్నీ ఆ సందులోంచి వేగంగా లోపలికి పరిగెడతాయి. అక్కడ లోతు ఎక్కువ, అందుకే అలలు విరగవు. పైనుంచి చూస్తే ప్రశాంతంగా ఉంటుంది. సముద్రం కొత్తగా చూసేవాళ్లు పెద్ద అలలున్న చోట భయపడి, సరిగ్గా ఆ నున్నటి చోటే దిగుతారు.

పైగా ఆర్కే బీచ్ వాలు ఎక్కువ. నాలుగడుగులు వేసేసరికి మోకాలి లోతు కాస్తా ఛాతీ దాకా వచ్చేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా ఎదురీది అలిసిపోతారు. ఒకవేళ ఎప్పుడైనా చిక్కుకుంటే గుర్తుంచుకోవాల్సింది ఇది. ఒడ్డు వైపు ఎదురీదొద్దు. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి ఊపాలి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. రిప్ వెడల్పు తక్కువే, కొంచెం పక్కకి జరిగితే దాని పట్టు తప్పుతుంది. ఫ్రెండ్ మునిగిపోతున్నాడని ఇంకొకడు దూకడమే చాలాసార్లు రెండో ప్రాణం తీస్తుంది. తాడో, ఖాళీ క్యానో విసరండి, లైఫ్‌గార్డ్‌ని పిలవండి, 112కి ఫోన్ కొట్టండి.

మన హైదరాబాదీలకి ఇంకో మాట. ఈ దేశపు సముద్రాలన్నిటి మీద కన్నేసి ఉంచే ఆఫీసు ఏ తీరంలోనూ లేదు. మన ప్రగతినగర్‌లో ఉంది. పేరు ఇన్‌కాయిస్. 1999లో పెట్టారు. సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ వాళ్లే, ఏ తీరంలో ఏ రోజు అలలు ఎంత ఎత్తున వస్తాయో చెప్పేదీ వాళ్లే. బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో ఓ నిమిషం చూస్తే చాలు. సినిమా రివ్యూ చూడకుండా టికెట్ కొనం కదా, ఇదీ అంతే.

పెద్దాయన మాట విని మా వాడు దిగలేదు. పాదాలు తడిసేదాకా వెళ్లి ఆగాడు. అల వచ్చి కాళ్ల కింద ఇసుకని లాక్కుపోతుంటే, “అరే, భూమే జారుతున్నట్టున్నది గదరా” అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. మొదటిసారికి అంతకన్నా ఏం కావాలి?

బీచ్‌కి ఇసుక బయటి నుంచి పోస్తారు

ఆర్కే బీచ్‌లో కొన్నేళ్లు ఇసుక విశాలంగా ఉంటుంది, కొన్నేళ్లు రోడ్డు గోడ దాకా సముద్రం వచ్చేస్తుంది. కారణం అలలొక్కటే కాదు. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది, రైల్లో జనం కదిలినట్టు. విశాఖలో ఆ దారికి అడ్డంగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనే హార్బర్ గోడలు ఉన్నాయి. ఇసుక అటువైపు ఆగిపోతుంది. ఇటువైపు ఉన్న ఆర్కే బీచ్‌కి రావాల్సింది రాదు. కానీ అలలు తీసుకుపోయేది తీసుకుపోతూనే ఉంటాయి.

అందుకే పోర్టు వాళ్లు డ్రెడ్జర్‌తో ఇసుక తోడి బీచ్ వైపు పోస్తుంటారు. 1933లో ఈ పోర్టు మొదలైనప్పుడు కూడా ఇసుకతోనే తిప్పలు. కెరటాలని అడ్డుకోవడానికి రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి గోడలా వాడుకున్నారు. మీరు ఫొటో దిగే ఆ బంగారు ఇసుకలో కొంత ప్రకృతి తెచ్చింది కాదు, పైపులో వచ్చింది. ఇది తెలిశాక బీచ్ అంటే ఎప్పటికీ అక్కడే ఉండేదన్న ధీమా పోతుంది. ఆ పైన 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. ఈ రోడ్డు పక్క పెద్ద చెట్లు కూలిపోయిన సంగతి ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు.

రుషికొండ: జెండా పోయింది, మళ్లీ వచ్చింది

కైలాసగిరి రోప్‌వే మీద నుంచి తీరం ఒంపు మొత్తం ఒక్క షాట్‌లో చూసుకుని, తెన్నేటి పార్కు దాటి, సాగర్‌నగర్ మీదుగా రుషికొండ చేరాం. 2020లో దేశంలో మొదటిసారి ఎనిమిది బీచ్‌లకి ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చింది. అందులో మన తెలుగువాళ్లది ఇదొక్కటే. నీళ్ల శుభ్రత, భద్రత, టాయిలెట్లు, చెత్త ఏరివేత లాంటివన్నీ సరిగ్గా ఉంటేనే ఇచ్చే అంతర్జాతీయ జెండా అది.

2025 మొదట్లో ఆ గుర్తింపు పోయింది. నిర్వహణ బాగోలేదని ఫిర్యాదులు వెళ్లాయి. తర్వాత అంతా సర్దుకున్నాక, కొద్ది వారాల్లోనే మళ్లీ ఇచ్చారు. నాకైతే ఈ కథ నచ్చింది. జెండా ఒకసారి ఎగరేస్తే పని అయిపోయినట్టు కాదు, ప్రతి సీజన్‌లో మళ్లీ సంపాదించుకోవాలి. చిప్స్ ప్యాకెట్ ఇసుకలో పడేసే ప్రతి చెయ్యీ ఆ జెండాని కొంచెం కిందికి లాగుతుంది.

ఇంకో సంగతి. శీతాకాలం చివర్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో చీకట్లో ఇసుక మీద బళ్లు నడపడం, ఫ్లాష్‌లైట్లు కొట్టడం మానేస్తే చాలు, మీరు ఓ తాబేలుకి ప్రాణం పోసినట్టే.

రుషికొండ దాటాక కొండ మీద రామానాయుడు స్టూడియో కనబడుతుంది. ఫిల్మ్‌నగర్‌లో రోజూ చూసే పేరు ఇక్కడ సముద్రం మీద కనబడితే, ఊళ్లో మేనమామ ఎదురైనట్టు అనిపించింది.

కొండ మీద తొట్లు, తొట్లలో వాన

భీమిలి రోడ్డులో దాదాపు 15 కిలోమీటర్లు వెళ్లాక ఎడమవైపు తొట్లకొండ. పైదాకా రోడ్డు ఉంది. పైన దిగగానే వినబడేది గాలి ఒక్కటే. ఇక్కడ సుమారు 2,000 ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉండేవాళ్లు. ఆ ఇటుకల గదులు, స్తూపం, అందరూ కూర్చునే మండపం, భోజనశాల పునాదులు ఇప్పటికీ ఉన్నాయి. వాన నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొట్లు తొలిచారు. అందుకే ఆ పేరు. కొంచెం ఇవతల బావులున్న కొండ బావికొండ, భీమిలి దగ్గర పావురాలకొండ. మూడూ బౌద్ధ క్షేత్రాలే. పేర్లు మాత్రం అచ్చ తెలుగు.

ఈ చోటు బయటపడిన తీరు సినిమా కథలా ఉంటుంది. నేవీ వాళ్లు స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే కొండ మీద శిథిలాలు కనబడ్డాయి. తర్వాత 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఒక్కసారి ఊహించుకోండి. ఎక్కడి రోమ్, ఎక్కడి భీమిలి రోడ్డు! ఏదో ఓడలో వచ్చిన వర్తకుడి డబ్బు చేతులు మారి మారి ఈ కొండెక్కింది.

భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో పైన నిలబడితే అర్థమవుతుంది. కింద ఓడల దారి కనబడుతుంది, రద్దీ మాత్రం పైకి రాదు. లోకానికి దగ్గరగానే ఉంటూ దూరంగా బతకడానికి ఇంతకన్నా మంచి లొకేషన్ ఏ లొకేషన్ మేనేజరూ వెతకలేడు.

అయితే ఇటుక ఇటుకే. 2019 అక్టోబరు వానలకి ఇక్కడి మహాస్తూపం ఒక పక్క కూలింది, తర్వాత మరమ్మతు చేశారు. అందుకే స్తూపం మీదికెక్కి ఫొటోలు దిగొద్దు. గోడ మీద కూర్చోవద్దు. రెండు వేల ఏళ్లు ఆగినదాన్ని మన రీల్ కోసం కదపడం ఏం న్యాయం?

దిగాక మంగమారిపేట దగ్గర ఒడ్డున సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. అల వెనక్కి తగ్గినప్పుడు చూడ్డానికి బాగుంటుంది. తోరణం మీదికెక్కే పని మాత్రం పెట్టుకోకండి.

ఎర్రమట్టి దిబ్బలు: నడిచే సముద్రం వదిలిన ఇసుక

ఇంకాస్త ముందుకెళ్తే ఈ రోడ్డు మీద అన్నిటికన్నా పాత చోటు వస్తుంది. రోడ్డు మీద నుంచి చూస్తే మామూలు పొదలే. లోపలికి పది అడుగులు వేస్తే నేల ఒక్కసారిగా ఎర్రగా చీలిపోతుంది. లోతైన లోయలు, నిటారు గోడలు, పుట్టల్లాంటి శిఖరాలు. మన తెలుగు సినిమాల్లో ఎన్ని ఫైట్లు, ఎన్ని పాటలు ఇక్కడ తీశారో చెప్పలేం. స్క్రీన్ మీద ఇది ఏ రాజస్థానో అనుకుంటాం. వెనక్కి తిరిగితే సముద్రం.

అది మట్టి కాదు, ఇసుక. చివరి మంచుయుగంలో భూమ్మీది నీళ్లు బోలెడు మంచుగా గడ్డకట్టినప్పుడు సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. అంటే ఒడ్డు ఇప్పుడున్న చోటు నుంచి చాలా దూరం జరిగిపోయింది. బయటపడ్డ ఇసుకని గాలి లేపి తెచ్చి ఇక్కడ పోసింది. వేల ఏళ్లలో ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పులా పట్టి ఎర్రబడింది. వాన నీళ్లు దాన్ని కోసి లోయలు చేశాయి. ఉష్ణమండలంలో ఇలాంటివి అరుదు. తమిళనాడులో, శ్రీలంకలో ఇలాంటి ఎర్ర ఇసుక ఉంది. 1886లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. తిరుమల కొండలు కూడా అదే ఏడాది ఆ జాబితాలో చేరాయి.

ఇంత గుర్తింపున్నా దిబ్బలకి గండం తప్పలేదు. 2024 జులైలో దిబ్బల పరిసరాల్లో యంత్రాలతో నేల చదును చేయడంతో పెద్ద గొడవయింది. జనం, పర్యావరణవేత్తలు అడ్డం తిరిగాక పనులు ఆగాయి. తీరం వెంట భూమి ధర ఆకాశంలో ఉన్నప్పుడు దిబ్బ కొందరికి దిబ్బలా కనబడదు, ప్లాట్లలా కనబడుతుంది.

షేక్‌పేటలో ఉండేవాడికి ఈ కథ కొత్త కాదు. మా జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఒకప్పుడు గుట్టలే. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండేవి. ఇప్పుడు చాలావాటి చోట సెల్లార్లున్నాయి. ఆ బండల్ని పగలగొట్టడానికి కనీసం డైనమైట్ కావాల్సి వచ్చింది. ఇక్కడి ఇసుక దిబ్బకి అదీ అక్కర్లేదు. ఓ జేసీబీ, ఓ సెలవు రోజు చాలు. ఇంకా చిన్న లెవల్లో, గోడ మీద పేరు చెక్కే ఓ తాళంచెవి చాలు. గోడ అంచు మీద నిలబడి ఫొటో దిగితే దిబ్బకీ ప్రమాదమే, మీకూ ప్రమాదమే. ఇసుక అంచు చెప్పకుండా జారుతుంది.

మా వాడు లోయలో నిలబడి గోడని చేత్తో తాకాడు. కాస్త ఇసుక రాలింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఇంత మెత్తగున్నదేందిరా... ఇన్నేండ్లు ఎట్ల నిలబడ్డది?” అన్నాడు. రోజంతా నేను చెప్పిన పాఠాలన్నిటికన్నా ఆ రాలిన ఇసుకే వాడికి ఎక్కువ చెప్పింది.

భీమిలి: ఊరు మొత్తం ఓ పాత పాట

కాలంలో వెనక్కి వెళ్తున్నామన్న లెక్క భీమిలి దగ్గర తప్పుతుంది. దిబ్బల తర్వాత మళ్లీ మనుషుల కాలానికి వచ్చేస్తాం. భీమునిపట్నంలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహల్ని తొలిచిన నది ఇదే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారానికి దిగారు. 1825లో ఊరు బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఇదొకటి. డచ్చివాళ్ల సమాధుల తోట ఇంకా ఉంది. ఎక్కడో హాలండ్‌లో పుట్టి, ఇక్కడి ఎండకో జ్వరానికో పోయినవాళ్లు గోస్తనీ పక్కన నిద్రపోతున్నారు.

సినిమా వాళ్లకి భీమిలి అంటే ‘మరో చరిత్ర’. 1978లో బాలచందర్ తీసిన సినిమా. కమల్ హాసన్, సరిత. రంగుల సినిమాలు వచ్చేశాక కూడా ఆయన దీన్ని నలుపు తెలుపుల్లోనే తీశాడు. ఎక్కువ భాగం విశాఖలో, భీమిలిలో. ఆ ప్రేమజంట తిరిగిన రాళ్లని, ఒడ్డుని చూడ్డానికి దాదాపు 50 ఏళ్లుగా జనం వస్తూనే ఉన్నారు. ఆ తర్వాత ఎన్ని సినిమాలు ఈ తీరానికి వచ్చాయో! జంధ్యాల సినిమాల్లో చాలావాటికి విశాఖే ఇల్లు.

ఇక్కడ నాకొకటి తోచింది. ‘మరో చరిత్ర’లో భీమిలి అందమైన బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే కాదు. ఆ ఊరి వీధులు, పక్కపక్క ఇళ్లు, అలలు లేకపోతే ఆ కథే లేదు. ఇప్పటి పాటల్లో వైజాగ్ రోడ్డు స్థానంలో ఇంకే తీరం పెట్టినా ఎవరూ గుర్తుపట్టరు. తేడా కెమెరాలో లేదు. ఎంతసేపు ఆగామన్నదాంట్లో ఉంది. టూరిస్టులకీ ఇదే వర్తిస్తుంది. ఆగితేనే ఊరు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు

ఎప్పుడు వెళ్లాలి: నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల కబురు చూసుకుని బయల్దేరండి.

ఎలా ప్లాన్ చేయాలి: తెల్లవారుజామున ఎర్రమట్టి దిబ్బలు, ఎండెక్కేలోపు తొట్లకొండ, మధ్యాహ్నం భీమిలిలో చేపల కూర, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మ్యూజియాలు. మేం ఆర్కే బీచ్ నుంచి మొదలుపెట్టాం గానీ, ఎండాకాలమైతే ఇలా తిరగేసుకోవడమే నయం. కురుసురకి సాధారణంగా సోమవారం సెలవు.

ఏం తేవాలి: ఇంటికి మాడుగుల హల్వా. ఫోన్‌లో ఫొటోలు. అంతే. దిబ్బల ఇసుక సీసాలో పోసుకుని తేవొద్దు. ఒక్కొక్కరు ఒక్కో సీసా తెస్తే, అది చిన్న జేసీబీయే.

ఏం చేయకూడదు: ఈత రాకుండా నీళ్లలో దిగకూడదు. లైఫ్‌గార్డ్ విజిల్ వేస్తే వాదించకూడదు. మందు తాగి సముద్రం దగ్గరికి అసలే పోకూడదు.

ఇక మా సంగతి. గోవా పోదామన్న మావాడు తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, “వచ్చేసారి అమ్మను తీసుకొస్తరా. ఆమె గూడ సముద్రం చూడలే” అన్నాడు. ఆవిడ వచ్చేసరికి కురుసుర అక్కడే ఉంటుంది. సముద్రం ఎలాగూ ఉంటుంది. దిబ్బలు కూడా అలాగే ఉండాలి. అది మాత్రం ఇప్పుడు వెళ్లే మన చేతుల్లోనూ, మన కాళ్ల కిందా ఉంది.